రోహిణి ఎండలో రేపల్లె పెరడు: ఇద్దరు వియ్యపురాళ్ళ వాదం

కృష్ణా పశ్చిమ డెల్టాలో పెరటి మొక్కలకి అసలు గండం మే చివర్లో వస్తుంది. 25వ తేదీ ప్రాంతాల రోహిణి కార్తె మొదలవుతుంది, జూన్ 8కి కాస్త అటూఇటూగా మృగశిర. అప్పటికి కాలవలు కట్టేసి వారాలై ఉంటుంది. బోర్లలో మట్టం దిగిపోతుంది. సాయంత్రం ఆరైనా వడగాలి తగ్గదు. తొలకరి జూన్ మొదటి వారంలో పడినా పడొచ్చు, మూడో వారం దాకా మొహం చాటేసినా చాటెయ్యొచ్చు. ఆ రోజుల్లో పెరట్లో ఉన్నవాటిని ఎలాగోలా బతికించుకోవాలా, తీసేసి నేలని వదిలెయ్యాలా అన్నది మా వైపు చాలా ఇళ్ళలో ఏటా వచ్చే తగవే.

దీనికి డెల్టా మొత్తానికి పనికొచ్చే జవాబు ఒకటి ఉంటుందని నేను అనుకోను. తెనాలి, బాపట్ల, రేపల్లె గంటా గంటన్నర ప్రయాణంలోనే ఉన్నాయి. అయినా తెనాలిది మూడు కాలవలు పారే ఊరి నేల, బాపట్లది సముద్రపు ఇసుక, రేపల్లెది కాలవ చివరి భూమి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఈ చివరి భూములకి నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా అందుతాయి.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు వియ్యపురాళ్ళు. ఒకరిది తెనాలి, అబ్బాయి తల్లి. ఇంకొకరిది బాపట్ల, అమ్మాయి తల్లి. పిల్లలు రేపల్లెలో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక రెండు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. ఆ రెండు సెంట్ల మీదే వాదం. వాళ్ళని ఊళ్ళ పేర్లతోనే పిలుస్తాను, ఎందుకంటే ఎవరి మాట వెనక చూసినా వాళ్ళ ఊరి నేలే కనిపిస్తుంది.

తెనాలి: వదినా, నిన్న మీ అమ్మాయి ఫోన్ చేసి పెరట్లో మొక్కలన్నీ తీసేస్తున్నామంది. మీరే తీసెయ్యమన్నారట. ఫిబ్రవరిలో నేను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి నాటిన వంగనారు అది. బెండ ఇంకో నెల కాస్తుంది. గోంగూర కోసిన కొద్దీ వస్తోంది. పచ్చగా ఉన్న మొక్కని పీకెయ్యమనడానికి మీకు నోరెలా వచ్చింది?

బాపట్ల: మీరు ఫోన్లో ఫొటో చూసి పచ్చగా ఉందంటున్నారు. నేను వెళ్ళి చూసొచ్చాను. ఎండదెబ్బ అయితే మధ్యాహ్నానికి ఆకంతా వడిలిపోతుంది, పొద్దు వాలగానే మళ్ళీ తేరుకుంటుంది. అది మనందరికీ తెలిసిందే. అక్కడ బెండాకు అలా లేదు. అంచు వెంబడే సన్నగా మాడింది, ఆ మాడు కొసల నుంచి లోపలికి పాకుతోంది, ఆకు నడుమ మాత్రం పచ్చగానే ఉంది. పాదు గట్టు మీద తెల్లగా పొర కట్టింది. గోటితో గీరి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు, వదినా. పిల్లలు పొద్దునా సాయంత్రం మోటారు వేసి బోరు నీళ్ళు పడుతున్నారు.

తెనాలి: బోరు నీళ్ళు కాస్త ఉప్పదనంగా ఉంటాయని వాళ్ళూ చెప్పారు. అంతమాత్రానికి మొక్కలు పోతాయా? నీళ్ళు మానేస్తే మాత్రం మూడో రోజుకి పోతాయి.

బాపట్ల: లెక్క వేసి చెబుతాను, మీరే చూడండి. పది అడుగులకి పది అడుగుల మడి ఒకటి అనుకోండి. ఈ ఎండకి రోజుకి ఆరు మిల్లీమీటర్ల నీరు మట్టిలోంచీ ఆకుల్లోంచీ ఆవిరైపోతుందనుకున్నా, ఆ మడికి రోజూ 55 లీటర్లు పట్టాలి. దాదాపు నాలుగు బిందెలు. ఆ నీళ్ళలో లీటరుకి రెండు గ్రాముల ఉప్పే ఉందనుకోండి. రోజుకి 110 గ్రాములు. మే మొదటి నుంచి తొలకరి దాకా నలభై రోజులు పోస్తే నాలుగు కిలోల పైన. నీళ్ళు గాలిలోకి పోతాయి, ఉప్పు మడిలోనే ఉంటుంది. వాన లేదు కాబట్టి కిందికి దిగేదీ లేదు. మీ వంగమొక్కల మొదట్లో మా అల్లుడుగారు ప్రేమగా పోస్తున్నది నాలుగు కిలోల ఉప్పు.

తెనాలి: (కాసేపాగి) నాలుగు కిలోలా?

బాపట్ల: ఇంకో సంగతి. వేరు చుట్టూ ఉప్పు పెరిగితే తడి ఉన్నా మొక్క తాగలేదు. అందుకే పిల్లలు వాడినట్టుందని ఇంకాస్త పడతారు, దాంతో ఇంకాస్త ఉప్పు. బీన్స్ లాంటివైతే ఈపాటికే పోయేవి. బెండ, వంగ కాస్త మొండివి కాబట్టి ఇన్నాళ్ళు నిలబడ్డాయి.

తెనాలి: నేను తెనాలిలో ముప్ఫై ఏళ్ళుగా పెరడు చేస్తున్నాను వదినా. రోహిణిలో ఒక్క ఏడూ మడి ఖాళీగా వదల్లేదు. ఏప్రిల్ చివర్లో వంగమొక్కని మోకాలెత్తుకి కత్తిరిస్తాను, చుట్టూ గుల్ల చేసి మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు వేస్తాను, పైన జానెడు మందాన వరిగడ్డి కప్పుతాను. నీళ్ళు పొద్దుగూకాకే. కొత్త చిగురేసి జూలైకల్లా మళ్ళీ కాస్తుంది, అప్పటికి బజార్లో కూరగాయల ధర మండుతూ ఉంటుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటలేదూ?

బాపట్ల: టమాటా సంగతి మీరు ఎత్తకూడదు. మే నెలలో టమాటాకి ఎన్ని నీళ్ళు పోసినా కాయ నిలవదు. పగలు 35 దాటి, రాత్రి కూడా 21, 22 కిందికి దిగకపోతే పుప్పొడి పనిచెయ్యదు, పూత రాలిపోతుంది. మన దగ్గర మే నెలలో రాత్రి కూడా 27, 28 ఉంటుంది. పోనీ, వంగకి మీరు చెప్పింది నేను కాదనను. అది తెనాలిలో సరే. మీ బోరులోకి ఊరేది కాలవ నీళ్ళు. తీపి నీళ్ళు పట్టుకుని రోహిణి దాటించడం వేరు, రేపల్లెలో దాటించడం వేరు.

తెనాలి: మరి మీ బాపట్లలో సముద్రం పక్కనే ఉండి మీ పుట్టింటివాళ్ళు కూరగాయలు, పూలు, నారు ఎలా పండించేవాళ్ళు?

బాపట్ల: దొరువులతో. మీకు దొరువు చూపించలేదు కదూ? మాది ఇసుక. ఇసుకలో మోకాలి లోతో, నిలువు లోతో తవ్వి, నాలుగు వైపులా వాలుగా దిగేలా చేస్తారు. అడుగున చేతికందేంత లోతులో నీళ్ళు ఊరుతాయి. మా నాన్న రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని దిగి, ముంచుకుని పైకొచ్చి, నడుస్తూనే మడి మీద చిలకరించేవాడు. కుండ మూతి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి పోస్తే నీళ్ళు ధారగా పడవు, వానజల్లులా పడతాయి, నారు ఒరగదు. తెల్లారగట్ల మొదలుపెడితే ఎండ ఎక్కేలోపు దొరువు అడుగు కనిపించేది. ఇక ఆపెయ్యాలి. సాయంత్రానికి మళ్ళీ ఊరేది. ఇంకాస్త లోతు తవ్వుదామంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. కింద ఉప్పునీరు ఉందని అందరికీ తెలుసు. తర్వాత పక్క చేనులో ఒకాయన లోతు పెంచి మోటారు పెట్టాడు. ఒక వేసవి బాగానే పారింది. రెండో వేసవికి ఆయన నీళ్ళూ, మా నీళ్ళూ కూడా ఉప్పెక్కాయి.

తెనాలి: పైన తీపి, కింద ఉప్పు, రెండూ కలవకుండా ఎలా ఉంటాయి?

బాపట్ల: సముద్రపు నీరు బరువు, వాననీరు తేలిక. ఇసుకలోకి దిగిన వాననీరు ఉప్పునీటి మీద నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు నలభై అడుగుల దాకా ఉప్పునీటిని అది తొక్కిపట్టి ఉంచుతుందని శాస్త్రవేత్తల లెక్క. పైన ఆ ఒక్క అడుగూ తోడేశారా, కింద ఉప్పు పైకి లేస్తుంది. అందుకే పైపైన, మెల్లగా, ఎక్కువ చోటు నుంచి తీసుకోవాలి. మా ఊళ్ళో 1945లో వ్యవసాయ కళాశాల వచ్చింది. ఆ తర్వాత అక్కడి సెలైన్ వాటర్ స్కీమ్ వాళ్ళు పాత దొరువునే బాగుచేశారు. నడుమ ఒక బావి, దాన్నుంచి పక్కలకి ఇసుకలో పడుకోబెట్టిన చిల్లుల గొట్టాలు. చుట్టుపక్కల పైనీరంతా మెల్లగా బావిలోకి చేరుతుంది. దాన్ని చిన్న మోటారుతో తోడి డ్రిప్పుకో స్ప్రింక్లర్లకో ఇస్తారు. మా నాన్న రెండు కుండలతో పాటించిన జాగ్రత్తే అది.

ఇక్కడ నేను ఒక్క మాట కలగజేసుకోవాలి. దొరువు గురించి మన పత్రికల్లో వచ్చింది చాలా తక్కువ. తీరం వెంబడి ఇసుక ఊళ్ళలో తరాలుగా నారుమళ్ళు పెంచి, కూరగాయలు పండించి, ఎంత తోడాలో ఎక్కడ ఆపాలో చూపుతోనే తెలుసుకున్నవాళ్ళ పని అది. ఇప్పుడు ప్రతి ఇంటికీ బోరు వచ్చాక ఆ చూపు పోయింది. స్విచ్ వేస్తే నీళ్ళొస్తున్నాయి కాబట్టి ఉన్నాయనుకుంటున్నాం. రేపల్లె, నిజాంపట్నం వైపు కొత్త ఇళ్ళవాళ్ళు ఈ విషయం తెలుసుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

తెనాలి: సరే, బోరు నీళ్ళు వద్దు, ఒప్పుకున్నాను. కానీ మొక్కలు పీకేసి నేల ఖాళీగా వదిలేస్తే మంచిదని ఎవరన్నారు? మా మామగారి పొలం ఒకటి వేమూరు దాటాక ఉండేది. వేసవిలో ఏ చెక్క ఖాళీగా వదిలేస్తే ఆ చెక్కలోనే ముందు చౌడు తేలేది. కింద తడి ఉంటుంది, అది ఉప్పు తడి. పైన ఎండ లాగుతుంది. దీపం వత్తి నూనె లాగినట్టు మట్టి ఆ తడిని పైకి లాగుతుంది. తడి ఆరిపోతుంది, చౌడు మిగులుతుంది. మీరు నీళ్ళు పోసి ఉప్పు పెంచారని పిల్లల్ని అంటున్నారు. వట్టి నేల వదిలినా పెరిగేది ఉప్పే.

బాపట్ల: అది నిజం. ఇసుకలో ఆ బాధ తక్కువ, అందుకే నాకు వెంటనే తట్టలేదు. నల్లమట్టిలో మీరన్నట్టే జరుగుతుంది.

తెనాలి: అందుకే నేల మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలంటాను. గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ వాళ్ళు 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం చేయిస్తున్నారు కదా, వాళ్ళు చెప్పేదీ ఇదే. ఏడాది పొడుగునా నేల కప్పి ఉండాలని. వానలకి ముందే ఎండు నేలలో నవధాన్యాలు చల్లిస్తున్నారు. విత్తనాలకి బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి చల్లి, పైన గడ్డి కప్పితే మంచుకీ చిన్న జల్లుకీ మొలుస్తున్నాయి. మనం కూడా పెరట్లో అదే చేద్దాం.

బాపట్ల: చల్లే ముందు ఆలోచించండి. చాలా మొక్కలు మొలకెత్తేటప్పుడు ఉప్పు తగిలితే తట్టుకోవు. పెరిగిన మొక్క తట్టుకున్న ఉప్పుని మొలక తట్టుకోలేదు. పొరలు కట్టిన ఆ మట్టిలో ఇప్పుడు విత్తనం వేస్తే విత్తనం దండగ. మీరు చెప్పినదాంట్లో గడ్డి కప్పడం మాత్రం ఈ రోజే చేయించాలి. ముందు పలుగుతో నాలుగైదు అంగుళాల మేర మట్టి తిరగేసి గుల్ల చెయ్యాలి. పై మట్టి గుల్లయితే కింది తడి పైదాకా రాలేదు, మీరన్న వత్తి అక్కడ తెగిపోతుంది. మన పెద్దవాళ్ళు వేసవి దుక్కులు దున్నించింది కలుపు కోసమే కాదు. ఆ పైన వరిగడ్డి, ఎండుటాకు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది కప్పెయ్యాలి.

తెనాలి: దున్ని కప్పడమంటే ఖాళీగా వదిలినట్టు కాదు కదా.

బాపట్ల: నేను మొదటి నుంచీ ఖాళీగా వదలమనలేదు. నీళ్ళు ఆపమన్నాను.

తెనాలి: మా కోడలు ‘పీకెయ్యమంది’ అనే చెప్పింది.

బాపట్ల: పీకెయ్యమనే చెప్పాను. దానికి ఇంకో కారణం ఉంది. వంగ మొక్కల మీద తెల్లదోమ లేస్తోంది, బెండ రెండు మొక్కలకి ఈనెలు పసుపెక్కాయి. పల్లాకు తెగులు. ముదురు మొక్కలు ఉన్నన్నాళ్ళూ ఆ దోమకి ఆశ్రయం. మృగశిరలో మనం కొత్త నారు నాటగానే పాత మొక్క మీద నుంచి కొత్త మొక్క మీదికి దూకుతుంది. మూడు వారాలు మేత లేకుండా చేస్తే చాలావరకు తగ్గుతుంది.

తెనాలి: పల్లాకు వచ్చిన బెండ పీకి కాల్చెయ్యండి, నేనేం అడ్డు రాను. వంగ జోలికి మాత్రం వెళ్ళొద్దు. పురుగంతా పాడు పురుగేం కాదు వదినా. అక్షింతల పురుగులు కూడా ఆ మొక్కల మీదే ఉంటాయి. నున్నగా, ఎర్రగా మెరిసేవి పేనుబంకని తింటాయి. వెలిసిపోయిన రంగులో, దుమ్ము పట్టినట్టు సన్నటి నూగుతో, పైన బోలెడు చుక్కలతో ఇంకో రకం ఉంటుంది, అది ఆకులో పచ్చదనమంతా గీకేసి జల్లెడ చేస్తుంది. దాన్ని చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వెయ్యాలి. మంచివాటిని ఉంచుకోవాలి. మొక్కలన్నీ పీకేస్తే అవి మాత్రం ఎక్కడుంటాయి? దోమకి వేపగింజల కషాయం కొడదాం. మరో రెండు వారాల్లో వేపపళ్ళు రాలడం మొదలవుతుంది. ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి దాచుకుంటే ఏడాదంతా వస్తాయి. లీటరుకి యాభై గ్రాముల గింజ దంచి రాత్రంతా నానబెట్టి వడకడితే చాలు.

బాపట్ల: కషాయానికి నీళ్ళు కూడా మంచివే కావాలి.

తెనాలి: కుళాయి నీళ్ళున్నాయి కదా.

బాపట్ల: అక్కడికే వస్తున్నాను. కుళాయిలో వచ్చేవి చెరువులో నింపిపెట్టిన కాలవ నీళ్ళు. పిల్లలకి తాగడానికీ వండడానికీ పోగా రోజుకి ఎన్ని మిగులుతాయి? మహా అయితే ఒకటిన్నర బిందె. ఆ ఒకటిన్నర బిందె దేనికి పొయ్యాలన్నదే అసలు ప్రశ్న. మడులకి పోస్తే ఒక మూలకి కూడా చాలవు.

తెనాలి: కరివేపాకుకీ మునగకీ పొయ్యాలి ముందు. అవి ఏళ్ళ తరబడి ఉండే మొక్కలు.

బాపట్ల: వాటికి బియ్యం కడిగినవీ కూరలు కడిగినవీ సరిపోతాయి. ఒక సంగతి గమనించాను, వాషింగ్ మెషీన్ గొట్టం పెరట్లోకి వదిలారు. నీళ్ళు వృథా కాకూడదనే మంచి ఉద్దేశమే అనుకోండి. కానీ సబ్బుపొడిలో ఉండేది సోడా. అది నల్లమట్టిని బంకబంకగా చేసి, ఆరాక రాయిలా బిగిస్తుంది. రేపు వాన నీళ్ళు కూడా లోపలికి దిగవు. ఆ గొట్టం వెంటనే వీధి కాలవలోకి మళ్ళించమని అల్లుడుగారికి మీరే చెప్పండి, నేను చెబితే బాగుండదు.

తెనాలి: చెబుతాను. ఇక మిగిలిన ఒకటిన్నర బిందె గురించి నా మాట వినండి. మృగశిరకి పందిరి వెయ్యాలంటే పాదులకి విత్తనం ఇప్పుడే పెట్టాలి. మడిలో వద్దు, పాల కవర్లలో. ఖాళీ పాల కవర్లు కడిగి, అడుగున రెండు చిల్లులు పొడిచి, మా పెరటి మట్టి, మాగిన ఎరువు, కాస్త ఇసుక కలిపి నింపుతాను. ఇసుక మీ ఊరిదే తెండి, కాకపోతే వానకి కడిగిన పై ఇసుక. బీర, సొర, పొట్ల, కాకర గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్ల తొక్క మందం కాబట్టి కొస కాస్త గీరి, కవరుకి రెండేసి పెడదాం. పాతిక కవర్లు కొబ్బరిచెట్టు నీడన వరసగా పెడితే పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు. మీ లెక్కలో మడికి 55 లీటర్లన్నారే, వీటికి నాలుగు లీటర్లు కూడా పట్టవు.

బాపట్ల: ఇది బాగుంది. చాలా బాగుంది. మడికి నీళ్ళు పోసి ఒక కిలో బెండకాయలు కోసుకునే కంటే, ఆ నీళ్ళతో పాతిక పాదులు తయారుచేసుకుంటే వినాయకచవితి దాకా కూర కొనక్కర్లేదు.

తెనాలి: చిక్కుడు కూడా పెడదాం, నాలుగు కవర్లు.

బాపట్ల: చిక్కుడుకి తొందరేముంది? పగలు పొట్టిబడితే గానీ పూతకి రాదు. ఇప్పుడు పెట్టినా జూలైలో పెట్టినా కాసేది చలికాలంలోనే.

తెనాలి: ఈలోగా తీగ బలుస్తుంది కదా. పోనీ లెండి, జూలైలోనే. మరి కంద? మా దుగ్గిరాల, కొల్లిపర వైపు పసుపూ కందా నాటే రోజులు ఇవే. పిలకున్న ముక్క కోసి, పేడనీళ్ళలో ముంచి ఆరబెట్టి పాతితే వాన పడేదాకా అడక్కుండా పడుంటుంది.

బాపట్ల: ఆ మట్టి సంగతి తేలేదాకా కంద వద్దు. అసలు అది ఏ మట్టో మీకు తెలుసా? ఇల్లు కట్టేటప్పుడు మెరక కోసం టిప్పర్లతో తోలించారు. రేపల్లె చుట్టుపక్కల మెరకకి దొరికే మట్టి ఎక్కడిది? రొయ్యల చెరువు తవ్విందో, మురుగుకాలవ పూడిక తీసిందో అయి ఉండొచ్చు. బోరు కంటే ముందు ఆ మట్టిలోనే ఉప్పు ఉండి ఉండొచ్చు.

తెనాలి: ఈ మాట ముందే చెప్పాల్సింది వదినా. అయితే పరీక్ష చేయిద్దాం.

బాపట్ల: చేయిద్దాం. నాలుగైదు చోట్ల గుంట తీసి, పై ఆరంగుళాల మట్టి ఒక సంచిలో, ఆ కింది ఆరంగుళాలది ఇంకో సంచిలో, అరకిలో చొప్పున నీడన ఆరబెట్టి ఇవ్వాలి. ఒక సీసాలో బోరు నీళ్ళు కూడా. ఈసీ, అంటే ఉప్పు కొలత, 4 దాటిందంటే ఉప్పునేల కింద లెక్క. దానికి మందు మంచినీళ్ళే, వానతో కడిగి కిందికి దింపాలి. పీహెచ్ 8.5 దాటిందంటే అది వేరే జబ్బు, అప్పుడు జిప్సం వెయ్యాలి. ఎవరో చెప్పారని పరీక్ష లేకుండా జిప్సం బస్తా కొనొద్దని అమ్మాయికి మరీ మరీ చెప్పాను.

తెనాలి: వానతో కడగడమంటే?

బాపట్ల: తొలకరికి ముందే ప్రతి మడి చుట్టూ జానెడు ఎత్తు గట్టు వేయించాలి. వాన నీళ్ళు జారిపోకుండా మడిలోనే నిలబడి లోపలికి దిగాలి. చిన్న చిన్న జల్లులతో ఉప్పు పోదు, కాస్త కిందికి దిగి ఎండకి మళ్ళీ పైకొస్తుంది. నాలుగు పెద్ద వానలు నిలబడి ఇంకాలి. పెరటి చివర అడుగున్నర లోతు బోదె తీసి వీధి కాలవలోకి కలపాలి. దిగిన ఉప్పునీరు పోవడానికి దారి లేకపోతే ఎంత కడిగినా ఒకటే.

తెనాలి: మా ఊళ్ళో వాన పడితే నీళ్ళు బయటికి పంపడం ఎలాగా అని చూస్తాం. మీరు నిలబెట్టమంటున్నారు.

బాపట్ల: రెండూ చెయ్యమంటున్నాను. పైన నిలబెట్టి, కింద నుంచి పంపమంటున్నాను. 1977 నవంబరు 19 ఉప్పెనకి రేపల్లె తీరాన పొలాల మీదికి సముద్రమే వచ్చింది. ఆ తర్వాత ఆ పొలాల్లో వరి వేసినవాళ్ళని అడగండి, మంచినీళ్ళతో నేల కడగడమంటే ఏమిటో చెబుతారు. వానతో కడిగాక ఈ మొదటి ఏడు మొత్తం రెండు సెంట్లలోనూ జీలుగ చల్లాలి. ఉప్పు తట్టుకుంటుంది, వేరు లోతుకి దిగి బిగిసిన మట్టిని విడదీస్తుంది. నలభై అయిదు రోజులకి, పూత రాబోతుండగా, కోసి మట్టిలో కలిపెయ్యాలి.

తెనాలి: మొత్తం రెండు సెంట్లలోనా! కొత్త కాపురం, కొత్త ఇల్లు. నలభై అయిదు రోజులు జీలుగ, అది చివకడానికి ఇంకో రెండు వారాలు. ఆగస్టు దాటిపోతుంది. పాతిక కవర్ల పాదులు మరి ఎక్కడ పెడతాను? అవి అన్నాళ్ళు కవర్లలో ఉండవు. సగం జీలుగ చల్లండి, సగం నాకు వదలండి.

బాపట్ల: ఆ సగంలో ఉప్పు ఉంటే?

తెనాలి: పాదు గుంటలు రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తీయించి, ఆ మట్టి బయట పారేసి, తెనాలి మట్టి నింపుతాను. ఎనిమిది గుంటలు. ఎన్ని బస్తాలు పడితే అన్నీ ఆటోలో పంపిస్తాను. పాదు గుంటలోనే పెరుగుతుంది, పందిరి మీద పాకుతుంది. తీగకి మీ జీలుగ ఏం అడ్డొస్తుంది?

బాపట్ల: పక్క మట్టిలో ఉప్పు గుంటలోకి రాదా?

తెనాలి: వానాకాలంలో ఉప్పు పై నుంచి కిందికి దిగుతుందని ఇప్పుడే మీరే చెప్పారు. వానలు ఆగాక, ఎండ ముదిరాక వస్తే అప్పటి సంగతి అప్పుడు.

ఈ గుంటల దగ్గర నేను తెనాలి పక్షం. నేల బాగయ్యేదాకా పిల్లల్ని కూరలేని పెరడు చూస్తూ కూర్చోమంటే, మూడో నెలకి ఆ స్థలంలో సిమెంటు చేసేస్తారు. మా వైపు చాలా పెరళ్ళు అలాగే పోయాయి. ఉప్పు చేతిలో పోయినవాటికంటే, విసుగుపుట్టి గచ్చు చేసేసినవే నేను ఎక్కువ చూశాను. ఎనిమిది గుంటల్లో బీర కాస్తూ ఉంటే పక్కనున్న జీలుగని ఓపిక పడతారు.

బాపట్ల: సరే, గుంటలు తీయించండి. కానీ ఇప్పుడున్న వంగమొక్కలు మాత్రం తీసేద్దాం.

తెనాలి: నాలుగు ఉంచుతాను. పన్నెండింట్లో నాలుగే. మోకాలెత్తుకి కత్తిరించి, తెల్లదోమ ఉన్న ఆకులన్నీ కోసేసి, పై మట్టి రెండంగుళాలు గీకి బయట పారేసి కొత్త మట్టి వేసి గడ్డి కప్పుతాను. నాలుగింటికీ రోజూ నాలుగు చెంబుల కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు చుక్క కూడా కాదు. మృగశిర దాటాక చిగురు రాకపోతే మీరే పీకండి.

బాపట్ల: దోమ వస్తే?

తెనాలి: వస్తే జూన్ ఎనిమిది దాకా కూడా ఆగను. ఆదివారం నేను మట్టి బస్తాలతో రేపల్లె వస్తున్నాను, మీరు ఇసుకా, జీలుగ విత్తనాలూ పట్టుకురండి. మట్టి పరీక్షకి సంచులు కూడా మీరే తెండి, మీ ఊళ్ళోనే ఇవ్వాలి కదా. గట్లు మనిద్దరం ఉన్నప్పుడే వేయిద్దాం. బోదె ఎటు వాలు ఉండాలో అక్కడ నీళ్ళు పోసి చూశాకే మాట్లాడదాం.